టెల్లూరియం ఎంత కలిపినా పి-టైప్‌గానే మిగిలిన పెల్లెట్: మెగ్నీషియం యాంటిమొనైడ్ డోపింగ్‌లో ఒక కేసు

నేపథ్యం

ఉష్ణవిద్యుత్ పదార్థాలపై పనిచేసే చిన్న బృందాలకు తయారీలోనూ కొలతల్లోనూ సాయం చేయడం నా పనుల్లో ఒకటి. ఈ కేసు ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాలది. బృందాన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొలతలను గుండ్రని అంకెల్లోనే ఇస్తున్నాను. డోపింగ్‌తో పనితీరు పెంచబోయి చాలామంది చిక్కుకునే చోట్లు దాదాపు అన్నీ ఈ ఒక్క పదార్థంలోనే వరసగా ఎదురయ్యాయి కాబట్టి రాసి పెడుతున్నాను.

ఈ రంగంలో లేనివారి కోసం నాలుగు మాటలు. ఉష్ణవిద్యుత్ ముక్కకు ఒక కొన వేడిగా, మరో కొన చల్లగా ఉంటే వోల్టేజీ పుడుతుంది. ఒక డిగ్రీ తేడాకు ఎంత వోల్టేజీ వస్తుందో చెప్పేది సీబెక్ గుణకం. దాని వర్గాన్ని విద్యుద్వాహకతతోనూ పరమ ఉష్ణోగ్రతతోనూ గుణించి, ఉష్ణవాహకతతో భాగిస్తే వచ్చే సంఖ్యను జెడ్‌టీ అంటాం. అది ఎంత ఎక్కువైతే పదార్థం అంత మేలు. ఈ మూడు గుణాలూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ఎలక్ట్రాన్ల సాంద్రత పెంచితే విద్యుత్తు బాగా పారుతుంది కానీ సీబెక్ గుణకం పడిపోతుంది. పైగా ఎలక్ట్రాన్లు తమ వంతు వేడిని కూడా మోసుకుపోతాయి. మంచి ఉష్ణవిద్యుత్ పదార్థాల్లో వాహకాల సాంద్రత ఘన సెంటీమీటరుకు 10¹⁹ నుంచి 10²¹ మధ్య ఎక్కడో ఉంటుంది. ఆ సరైన చోటికి పదార్థాన్ని తీసుకెళ్లడానికే డోపింగ్, అంటే వేరే మూలకాన్ని కొద్ది పాళ్లలో కలపడం.

బృందం ఎంచుకున్నది మెగ్నీషియం యాంటిమొనైడ్, అందులో యాంటిమొనీలో నాలుగో వంతు బదులు బిస్మత్ పెట్టిన మిశ్రమం. మూడు మెగ్నీషియం పరమాణువులకు ఒకటిన్నర యాంటిమొనీ, అర బిస్మత్ అన్నమాట. వాళ్ల లక్ష్యం 300 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ మధ్య వృథా వేడిని విద్యుత్తుగా మార్చడం. గది ఉష్ణోగ్రత దగ్గర ఎదురులేని బిస్మత్ టెల్లూరైడ్ 250 డిగ్రీలు దాటాక చేతులెత్తేస్తుంది. సీసం టెల్లూరైడ్ పనిచేస్తుంది కానీ సీసంతో తంటా. టెల్లూరియం ఎలాగూ భూమి మీద అరుదైన మూలకం. మెగ్నీషియం చవక. ఎంపిక సబబే.

ఈ పదార్థానికి ఒక చరిత్ర ఉంది. దశాబ్దాల పాటు దీన్ని పి-టైప్‌గానే, అంటే ధనావేశపు హోల్స్ విద్యుత్తును మోసే పదార్థంగానే చూశారు. ఆ రూపంలో దాని జెడ్‌టీ ఒకటికి బాగా దిగువనే ఆగిపోయింది. 2016లో జపాన్‌కు చెందిన పానసోనిక్ పరిశోధకులు మెగ్నీషియం కొంత ఎక్కువ వేసి, టెల్లూరియంతో డోప్ చేసి దీన్ని ఎన్-టైప్‌గా, అంటే ఎలక్ట్రాన్లు విద్యుత్తును మోసే పదార్థంగా మార్చారు. 716 కెల్విన్ల వద్ద జెడ్‌టీ 1.5 వచ్చింది. అదే పదార్థంలో ఇంత తేడా ఎందుకంటే, హోల్స్ తిరిగే సంయోజక పట్టీ కంటే ఎలక్ట్రాన్లు తిరిగే వాహక పట్టీ ఎంతో మెరుగు. అక్కడ సమాన శక్తి గల లోయలు, అంటే ఎలక్ట్రాన్లు చేరే అతి తక్కువ శక్తి చోట్లు, ఆరు ఉన్నాయి. ఎలక్ట్రాన్లు ఆరింటిలోనూ సర్దుకుంటాయి కాబట్టి సాంద్రత పెరిగినా సీబెక్ గుణకం తొందరగా పడిపోదు.

వచ్చిన సమస్య

బృందం ఆ ఫలితాన్నే మళ్లీ సాధించాలని బయలుదేరింది. లోహాలను తూచి, ఉక్కు జార్‌లో బాల్ మిల్లింగ్ చేసి, వచ్చిన పొడిని గ్రాఫైట్ డైలో (అచ్చులో) పోసి, 600 డిగ్రీల దగ్గర ఒత్తిడితో సింటర్ చేశారు, అంటే కరిగించకుండానే గట్టి బిళ్లగా (పెల్లెట్‌గా) అతికించారు. టెల్లూరియం ఫార్ములాకు 0.01 పాలు. స్ఫటిక నిర్మాణాన్ని చూపే ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో ఒకే ఫేజ్ (వేరే పదార్థం కలవని ఒకే స్ఫటిక రూపం), శుభ్రమైన శిఖరాలు. తీరా కొలిస్తే సీబెక్ గుణకం కెల్విన్‌కు సుమారు +350 మైక్రోవోల్టులు. ఎన్-టైప్ అయితే రుణ సంఖ్య రావాలి, వచ్చింది పి-టైప్‌కు గుర్తైన ధన సంఖ్య. నిరోధకత కూడా ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు.

నా దగ్గరికి వచ్చేసరికి వాళ్లు చాలానే చేశారు. టెల్లూరియాన్ని 0.02కు, ఆపైన 0.04కు పెంచారు. గుర్తు మారలేదు, నిరోధకత ఇంకాస్త పెరిగింది. టెల్లూరియం స్వచ్ఛత మీద అనుమానంతో మరింత ఖరీదైన సరుకు తెప్పించారు. అదే ఫలితం. ఇక టెల్లూరియాన్ని పక్కనపెట్టి సెలీనియం వాడదామని ఆలోచన.

“సార్, సెలీనియం ఆర్డర్ పెట్టేయమంటారా?” అని విద్యార్థిని అడిగింది.

“ఆగమ్మా. టెల్లూరియం ఇచ్చిన ఎలక్ట్రాన్లు ఎక్కడికి పోతున్నాయో ముందు తేలాలి. అది తేలకుండా సెలీనియం వేస్తే అవి కూడా అక్కడికే పోతాయి” అన్నాను.

మొదటి లెక్క

పని మొదలుపెట్టే ముందు పరికరం సరైన గుర్తు చూపుతోందా అని చూశాం. సీబెక్ గుణకం రుణాత్మకమని తెలిసిన కాన్‌స్టాంటన్ (రాగి-నికెల్ మిశ్రలోహం) ముక్కను పెట్టి కొలిచాం. రుణంగానే వచ్చింది. తీగలు తారుమారు కాలేదు. చాలామంది ఈ అయిదు నిమిషాల పని చేయకుండా నెలలు వాదించుకుంటారు.

తర్వాత కాగితం మీద ఒక లెక్క వేశాం. ఈ కేసుకు కీలకం అదే. ఈ స్ఫటికంలో ఒక యూనిట్ సెల్‌లో ఒకే ఫార్ములా ఉంటుంది. సెల్ ఘనపరిమాణం సుమారు 130 ఘన ఆంగ్‌స్ట్రాములు. ఫార్ములాకు 0.01 టెల్లూరియం ఉంటే, ఒక్కొక్కటీ ఒక ఎలక్ట్రాన్ ఇస్తుందనుకుంటే, ఘన సెంటీమీటరుకు సుమారు 7.5 × 10¹⁹ ఎలక్ట్రాన్లు రావాలి. కావలసింది ఆ స్థాయే. అంటే డోపెంట్ మోతాదులో లోపం లేదు.

ఇక ఎదుటి పక్షం. మెగ్నీషియం ఉండాల్సిన చోట ఖాళీ ఏర్పడితే, ఆ ఖాళీ రెండు ఎలక్ట్రాన్లను మింగుతుంది. 0.01 టెల్లూరియం ఇచ్చినదంతా పోవడానికి ఫార్ములాకు 0.005 ఖాళీలు చాలు. ఫార్ములాకు మెగ్నీషియం స్థానాలు మూడు కాబట్టి ఇది 0.17 శాతం. వాళ్లు ఒక విడతకు 10 గ్రాముల మిశ్రమం చేస్తున్నారు. అందులో టెల్లూరియం 35 మిల్లీగ్రాములు. దాన్ని పూర్తిగా రద్దు చేయడానికి తక్కువ పడాల్సిన మెగ్నీషియం 3.4 మిల్లీగ్రాములు.

ఈ అంకె చూశాక గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మెగ్నీషియం మెత్తటి లోహం, మిల్లింగ్‌లో జార్ గోడలకు అంటుకుంటుంది. ఆక్సిజన్ అంటే దానికి ప్రాణం. వేడి చేస్తే ఆవిరయ్యే స్వభావం ఎక్కువ. ఇన్ని దారుల్లో పోగలిగే లోహం 3.4 మిల్లీగ్రాములు కూడా పోకుండా ఉంటుందని నమ్మడం కష్టం. ఇంతకీ ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో ఏమీ కనపడలేదంటే ఆశ్చర్యం లేదు. ఒకటి రెండు శాతానికి లోపు ఉన్న రెండో ఫేజ్‌ను మామూలు ప్రయోగశాల యంత్రం చూపలేదు. “ఒకే ఫేజ్” అనే తీర్పుకు ఉన్న విలువ అంతవరకే.

టెల్లూరియం పెంచినా ఎందుకు పనిచేయలేదో కూడా ఇక్కడే అర్థమవుతుంది. ఖాళీలు ఇన్ని అని ముందే లెక్కగట్టి ఉండవు. స్ఫటికంలో ఎలక్ట్రాన్లు పెరిగి ఫెర్మి స్థాయి (ఎలక్ట్రాన్లు నిండిన శక్తి మట్టం) పైకి జరిగేకొద్దీ ఖాళీ ఏర్పడటానికి అయ్యే శక్తి ఖర్చు తగ్గుతుంది, ఎందుకంటే ఆ ఖాళీ ఆ ఎలక్ట్రాన్లనే మింగి స్థిరపడుతుంది. ఎంత టెల్లూరియం వేస్తే అందుకు సరిపడా ఖాళీలు కొత్తగా పుడతాయి. పోసిన కొద్దీ చిల్లు పెద్దదయ్యే కుండ లాంటిది ఇది. నీళ్లు పెంచి లాభం లేదు. మెగ్నీషియం తక్కువగా ఉన్న పరిస్థితుల్లో ఈ ఖర్చు మరీ తక్కువ, మెగ్నీషియం పుష్కలంగా ఉంటే ఎక్కువ. కాబట్టి సెలీనియమా టెల్లూరియమా అన్నది తర్వాతి మాట. స్ఫటికం మెగ్నీషియం వైపు నిండుగా ఉందా, యాంటిమొనీ వైపు నిండుగా ఉందా అన్నది ముందు తేలాలి.

విఫలమైన ప్రయత్నాలు

మొదట చేసింది సహజంగా తోచే పనే. మెగ్నీషియాన్ని ఒక శాతం ఎక్కువ వేశారు. లెక్క ప్రకారం ఇది కావలసినదానికి ఆరు రెట్లు. అయినా సీబెక్ ధనంగానే ఉంది.

పోతున్నది సింటరింగ్‌లో అనే అనుమానం బృందానికి బలంగా ఉండేది. డైని శూన్యంలో 600 డిగ్రీలకు వేడి చేస్తారు. మెగ్నీషియం కరిగే ఉష్ణోగ్రత 650 డిగ్రీలే. ఆవిరై పోతోందని అనుకోవడంలో తప్పేమీ లేదు. అందుకని 500 డిగ్రీల దగ్గర సింటర్ చేశారు. పెల్లెట్ సరిగా గట్టిపడలేదు, సాంద్రత 90 శాతం దగ్గరే ఆగింది, గుర్తు మాత్రం మారలేదు. ప్రయత్నంగా ఇది విఫలమే. కానీ నాకు దీనిలోనే మంచి సమాచారం దొరికింది. నష్టం ప్రధానంగా సింటరింగ్‌లోనే జరుగుతుంటే, ఉష్ణోగ్రత వంద డిగ్రీలు తగ్గించినప్పుడు ఎంతో కొంత తేడా కనపడాలి. కనపడలేదంటే డైలోకి వెళ్లేసరికే పొడిలో మెగ్నీషియం తక్కువై ఉందన్నమాట.

దీన్ని ఇంకో వైపు నుంచి రూఢి చేసుకోవడానికి వేడి మొన పరీక్ష చేశాం. టంకం వేసే సోల్డరింగ్ ఐరన్, ఒక మల్టీమీటర్ చాలు. వేడి మొనను మీటర్ ప్లస్‌కు కలిపి పెల్లెట్ మీద ఒక్కో చోట ఆనిస్తే, ఎన్-టైప్ చోట ధన వోల్టేజీ, పి-టైప్ చోట రుణ వోల్టేజీ చూపుతుంది. నష్టం సింటరింగ్‌లోదే అయితే ఉపరితలం, అంచులు పి-టైప్‌గా మారి లోపలి భాగం ఎన్-టైప్‌గా మిగలాలి. పెల్లెట్‌ను మధ్యకు కోసి చూశాం. లోపలా బయటా ఒకే గుర్తు. లోపం పొడిలోనే ఉంది.

పొడి దశకు వెళ్లి ఒక్కొక్క అడుగూ తూచాం. జార్‌లో వేసినదానికీ బయటికి వచ్చినదానికీ మధ్య కొన్ని శాతాల తేడా ఉంది. గోడకు అంటుకుపోయిన పొర మెరుస్తూ ఉంది. పెళుసైన యాంటిమొనీ అలా అంటుకోదు, సాగే మెగ్నీషియమే ఎక్కువగా అంటుకుంటుంది. అంటే నష్టం అందరికీ సమానంగా జరగడం లేదు. రెండోది, వాళ్లు వాడుతున్నది సన్నటి మెగ్నీషియం పొడి. రేణువు చిన్నదైనకొద్దీ ఉపరితలం ఎక్కువ, ఉపరితలమంతా ఆక్సైడ్ పొర. సీసా మీద స్వచ్ఛత 99.8 శాతమని రాసి ఉంటుంది. ఆ అంకెలో చాలాసార్లు ఆక్సిజన్‌ను లెక్కలోకే తీసుకోరు. మూడోది, వానాకాలం. బయటి గాలి చొరబడని గ్లవ్ బాక్స్‌లో డై నింపాక దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి వరండా దాటించి పక్క భవనంలోని సింటరింగ్ యంత్రం దగ్గరికి తీసుకెళ్లేవారు. జులై గాలిలో ఉండే తేమ గురించి తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఇవేవీ పత్రికల్లో అచ్చయ్యే వ్యాసాల్లోని “తయారీ పద్ధతి” పేరాలో కనపడవు. ఒక్క వాక్యంలో “ఆర్గాన్ వాతావరణంలో మిల్లింగ్ చేశాం” అని రాసి ముందుకెళ్తారు.

పనిచేసింది

మార్పులు ఇవి. మెగ్నీషియం పొడి బదులు లోహపు తురుము వాడాం, వాడే ముందు గ్లవ్ బాక్స్‌లోనే గీకి పై పొర తీసేశాం. జార్‌లో మొదట అదే మిశ్రమాన్ని ఒక విడత తిప్పి పారేశాం, గోడకు పట్టాల్సిన పొర ముందే పట్టనిచ్చాం. డైని ఆర్గాన్ నింపిన మూత డబ్బాలో తీసుకెళ్లాం. అన్నిటికంటే ముఖ్యంగా, మెగ్నీషియాన్ని ఫార్ములాకు 3 బదులు 3.2 వేశాం.

3.2 ఎందుకని విద్యార్థిని అడిగింది. 2016 నాటి పనిలో వేసిన పాలు అదే కావడం ఒక కారణం. అసలు కారణం వేరు. నష్టం ఎంతో మనకు కచ్చితంగా తెలియనప్పుడు గీత దగ్గర నిలబడకుండా గీతకు బాగా అవతల మొదలుపెట్టి, తర్వాత వెనక్కి రావడం తేలిక. తక్కువ వైపు నుంచి కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతే ప్రతి ప్రయత్నమూ పి-టైప్‌గా వచ్చి, సిద్ధాంతమే తప్పేమోనన్న అనుమానం కలుగుతుంది. ఒక శాతం ఎక్కువ వేసినప్పుడు జరిగింది అదే.

సీబెక్ గుణకం −220 దగ్గరికి వచ్చింది.

తర్వాత నేను పట్టుబట్టి చేయించిన ప్రయోగం ఒకటుంది. ఫలితం వచ్చేసింది కదా అని బృందం ముందుకు వెళ్లబోతుంటే ఆపి, అవే జాగ్రత్తలతో మెగ్నీషియం 3.05 వేసి మరో పెల్లెట్ చేయమన్నాను. దాని సీబెక్ గుణకం 3.2 వేసినదానికి కొద్ది తేడాతో సమానం. 3.00 వేసినది మాత్రం మళ్లీ పి-టైప్. అంటే అదనపు మెగ్నీషియం డోపెంట్‌లా పనిచేయడం లేదు. అది డోపెంటే అయితే మోతాదును బట్టి ఎలక్ట్రాన్లు పెరగాలి. ఇక్కడ ఒక గీత ఉంది. దానికి ఇవతల ఉంటే మిశ్రమం యాంటిమొనీతో సమతుల్యంలో ఉంటుంది, అవతల ఉంటే మెగ్నీషియంతో. గీత దాటాక ఖాళీలు అణగిపోతాయి, టెల్లూరియం తన పని తాను చేసుకుంటుంది. ఎంత దూరం దాటామన్నది పెద్దగా పట్టింపు కాదు. ఫేజ్ సరిహద్దుల ఆధారంగా ఈ పదార్థాన్ని అర్థం చేసుకునే ఈ పద్ధతి 2018లో వచ్చిన పరిశోధనల్లో స్పష్టంగా ఉంది. కానీ సొంత పెల్లెట్ల మీద చూసుకుంటే తప్ప అది మనసుకు ఎక్కదు. ఇంకో లాభం కూడా కలిగింది. 3.2 వేసిన పెల్లెట్లలో మిగిలిపోయిన మెగ్నీషియం గాలిలో నెమ్మదిగా పాడవుతుంది కాబట్టి బృందం 3.05కు స్థిరపడింది.

రెండో చిక్కు: గది ఉష్ణోగ్రత దగ్గర

ఇక్కడితో కేసు ముగిసిందనే అనుకున్నారు. 700 కెల్విన్ల దగ్గర జెడ్‌టీ బాగానే ఉంది. గది ఉష్ణోగ్రత దగ్గర మాత్రం 0.2కు అటూ ఇటూ. ఒక జనరేటర్‌లో వేడి కొన 700 కెల్విన్లలో ఉన్నా చల్లటి కొన నీళ్ల ఉష్ణోగ్రతలోనే ఉంటుంది. ఈ రెండు కొనల మధ్య నిలిచే ఉష్ణవిద్యుత్ ముక్కను కాలు అంటాం. ఆ కాలు మొత్తం పనిచేయాలి, ఒక్క పై కొన చాలదు. వ్యాసాల శీర్షికల్లో గరిష్ఠ జెడ్‌టీ మెరుస్తుంది కానీ పరికరానికి కావలసింది సగటు.

గ్రాఫ్‌లో వింత ఒకటి కనపడింది. బాగా డోప్ చేసిన అర్ధవాహకంలో వేడి పెరిగేకొద్దీ విద్యుద్వాహకత తగ్గాలి. ఇక్కడ 300 నుంచి సుమారు 500 కెల్విన్ల వరకు పెరుగుతోంది, ఆ తర్వాతే తగ్గుతోంది. బృందం దీనికి ఇచ్చిన వివరణ అయనీకృత మలినాల (ఇక్కడ ఆవేశం పొందిన డోపెంట్ పరమాణువుల) వల్ల ఎలక్ట్రాన్లు చెదరడం. నిరాధారమైన మాట కాదు. తొలినాళ్ల వ్యాసాల్లో అలాగే రాశారు, ఉష్ణోగ్రతతో చలనశీలత మారే తీరు కూడా ఆ సూత్రానికి దగ్గరగా సరిపోతుంది. కానీ ఒక వక్రరేఖ ఒక సూత్రానికి సరిపోయినంత మాత్రాన కారణం తేలదు. ఇంకో కారణం కూడా ఇదే వక్రరేఖను ఇవ్వగలదు. గ్రెయిన్ల (పెల్లెట్‌లో అతుక్కుని ఉన్న చిన్న స్ఫటికాల) సరిహద్దుల దగ్గర ఎలక్ట్రాన్లకు అడ్డుగోడ ఉంటే, వేడి పెరిగేకొద్దీ ఎక్కువ ఎలక్ట్రాన్లు దాన్ని దాటగలుగుతాయి.

రెండింటినీ విడదీసే ప్రయోగం సులభం. ఒకే విడత పొడిని రెండుగా పంచి, ఒకటి 600 డిగ్రీల దగ్గర, రెండోది 800 డిగ్రీల దగ్గర సింటర్ చేయడం. టెల్లూరియం రెండింటిలోనూ ఒకటే కాబట్టి మలినాల వివరణ నిజమైతే రెండూ దాదాపు ఒకేలా ఉండాలి. గోడల వివరణ నిజమైతే గ్రెయిన్లు పెరిగిన పెల్లెట్‌లో గది ఉష్ణోగ్రత వాహకత పెరగాలి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద మొదటిదానిలో గ్రెయిన్లు ఒక మైక్రాన్ చుట్టుపక్కల, రెండోదానిలో పది దాకా. గది ఉష్ణోగ్రత వాహకత రెండోదానిలో కొన్ని రెట్లు ఎక్కువ. 300 నుంచి 500 కెల్విన్ల మధ్య ఉన్న ఎక్కుడు దాదాపు మాయమైంది. సీబెక్ గుణకం పెద్దగా కదలలేదు, కాబట్టి ఎలక్ట్రాన్ల సంఖ్య మారి వాహకత పెరగలేదని నమ్మవచ్చు.

బృందానికి ఇది మింగుడు పడటానికి కొంత సమయం పట్టింది. 2008లో నానో రేణువుల బిస్మత్ యాంటిమొనీ టెల్లూరైడ్‌తో జెడ్‌టీ 1.4 వచ్చాక, గ్రెయిన్లు ఎంత చిన్నవైతే అంత మేలు అనే మాట ఈ రంగంలో వేదవాక్కుగా మారింది. చిన్న గ్రెయిన్లు వేడిని మోసే కంపనాలను అడ్డుకుంటాయి, అది నిజమే. కానీ ఈ మిశ్రమంలో బిస్మత్ ఆ పనిని ముందే చేసేసింది. జాలక ఉష్ణవాహకత (ఆ కంపనాలు మోసే వంతు) మీటరుకు, కెల్విన్‌కు ఒక వాట్ లోపే. గ్రెయిన్లు పెంచినా అది పెద్దగా పెరగలేదు. అంటే చిన్న గ్రెయిన్ల వల్ల ఈ పదార్థానికి దక్కే లాభం కొంచెమే, చెల్లించే మూల్యం మాత్రం ఎక్కువ.

అయితే 800 డిగ్రీలు అనగానే మళ్లీ మెగ్నీషియం ఆవిరి. ఈసారి నష్టం సింటరింగ్‌లోనే, వేడి మొన పరీక్షలో అంచులు పి-టైప్‌గా తేలాయి. గ్రెయిన్లు పెంచడం, మెగ్నీషియం నిలుపుకోవడం ఒకదానికొకటి అడ్డు వచ్చాయి. దీనికి దారి రెండు పనులను విడదీయడం. సింటరింగ్ ఎక్కువ ఉష్ణోగ్రతలో చేసి, తర్వాత పెల్లెట్‌ను మెగ్నీషియం తురుముతో పాటు మూత ఉన్న గ్రాఫైట్ మూసలో పెట్టి, 600 డిగ్రీల దగ్గర రోజుల తరబడి ఉంచడం. చుట్టూ ఉన్న మెగ్నీషియం ఆవిరి పెల్లెట్‌లోకి చేరి లోటు పూడుస్తుంది. మెగ్నీషియం వైపు సమతుల్యం దానంతట అదే కుదురుతుంది కాబట్టి మిల్లిగ్రాముల లెక్కల బెడద కూడా తగ్గుతుంది. క్వార్ట్‌జ్ గొట్టంలో నేరుగా పెట్టకూడదు, మెగ్నీషియం ఆవిరి క్వార్ట్‌జ్‌ను తినేస్తుంది. మూసలో పెట్టి, ఆ మూసను గొట్టంలో పెట్టాలి. ఇలా చేశాక గది ఉష్ణోగ్రత జెడ్‌టీ 0.5 దాకా వచ్చింది, 700 కెల్విన్ల వద్ద 1.4 దరిదాపుల్లో నిలిచింది.

ఆ 1.4 గురించి ఒక మాట. సీబెక్, విద్యుద్వాహకత, ఉష్ణ విసరణ, ఉష్ణధారణ, సాంద్రత అన్నీ వేర్వేరు కొలతలు, ఒక్కొక్కదానికీ తన పొరపాటు ఉంటుంది. అన్నీ కలిశాక జెడ్‌టీలో 15 శాతం అనిశ్చితి మామూలే. తమది 1.4, ఎదుటివారిది 1.5 అని బృందం బాధపడుతుంటే ఆ తేడా తేడాయే కాదని చెప్పాల్సి వచ్చింది. 0.2 నుంచి 0.5కు రావడం మాత్రం నిజమైన మార్పు.

మూడో చిక్కు: నిలకడ

వేడెక్కేటప్పుడు కొలిచిన వక్రరేఖ, చల్లారేటప్పుడు కొలిచిన వక్రరేఖ ఒకదానిపై ఒకటి పడాలి. పడకపోతే కొలిచేలోపే పదార్థం మారిపోయిందని అర్థం. ఈ బృందం వేడెక్కేటప్పటి బిందువులే గ్రాఫ్‌లో పెడుతూ వచ్చింది. చల్లారేటప్పటివి కూడా పెట్టమన్నాను. 450 డిగ్రీల దాకా వెళ్లి వచ్చిన టెల్లూరియం పెల్లెట్లలో వాహకత పడిపోయి, సీబెక్ జరిగిపోయి ఉంది. రెండోసారి వేడి చేస్తే ఇంకాస్త. మెగ్నీషియం ఉపరితలం నుంచి పోతూనే ఉంది, ఖాళీలు తిరిగి తలెత్తుతున్నాయి.

డోపెంట్‌ను మార్చే ఆలోచనకు ఇప్పుడు సమయం వచ్చింది. మొదట్లో నేను వద్దన్నదీ ఇప్పుడు సరేనన్నదీ ఒకే కారణంతో. అప్పుడు ఎలక్ట్రాన్లు ఎక్కడ పోతున్నాయో తెలియదు, ఇప్పుడు తెలుసు. టెల్లూరియం, సెలీనియం కూర్చునేది యాంటిమొనీ స్థానంలో. పోతున్నది మెగ్నీషియం. అలాంటప్పుడు మెగ్నీషియం స్థానంలో కూర్చునే డోపెంట్‌ను చూడటం సమంజసం. లాంథనం, ఇట్రియం ఈ కోవలోవి. మెగ్నీషియం రెండు ఎలక్ట్రాన్లు ఇచ్చే చోట ఇవి మూడు ఇస్తాయి, ఒకటి మిగులుతుంది. లాంథనంతో డోప్ చేస్తే నిలకడ మెరుగవుతుందని 2018 నాటికే ప్రచురితమైంది. బృందం లాంథనం ఎంచుకుంది. కొంటే దొరుకుతుంది, వాళ్ల గ్లవ్ బాక్స్‌లో అప్పటికే ఉంది. గాలిలో ఇది కూడా ఇట్టే పాడవుతుంది, కానీ అప్పటికి ఆ జాగ్రత్తలన్నీ అలవాటైపోయాయి.

లాంథనం పెల్లెట్లలో ఎలక్ట్రాన్ల సాంద్రత టెల్లూరియం పెల్లెట్ల కంటే కాస్త ఎక్కువే వచ్చింది. 400 డిగ్రీల దాకా వేడెక్కే, చల్లారే రేఖలు కలిశాయి. 450 దగ్గర నిలిపి ఉంచితే మాత్రం నెమ్మదిగా జరగడం మొదలైంది. ఉపరితలానికి బోరాన్ నైట్రైడ్ పూత వేస్తే ఆ జరుగుడు తగ్గింది, ఆగలేదు. మరింత వేడికి పోయే ఆశ వదులుకుని, వాడుక హద్దును 400 డిగ్రీల దగ్గర గీయమని సలహా ఇచ్చాను. వాళ్ల అసలు లక్ష్యం ఆ హద్దుకు లోపలే ఉంది.

ఇప్పుడు వాళ్లు చేస్తున్నది

ఈ ప్రయోగశాలలో ఇప్పుడు కొత్త పెల్లెట్ ఏది వచ్చినా ముందు వేడి మొన పరీక్ష, ఆ తర్వాతే డిఫ్రాక్షన్. మెగ్నీషియం ఏ వైపు ఉందో చెప్పడంలో సీబెక్ గుర్తు కంటే సున్నితమైన పరీక్ష ఈ పదార్థానికి నాకు తెలిసి లేదు. జార్‌లోకి వెళ్లినదీ వచ్చినదీ తూచి పుస్తకంలో రాస్తారు. డోపెంట్ పాళ్లు మార్చాలంటే, ఘన సెంటీమీటరుకు ఎన్ని ఎలక్ట్రాన్లు రావాలి, అయస్కాంత క్షేత్రంలో వాహకాల సాంద్రతను తేల్చే హాల్ కొలతలో ఎన్ని వచ్చాయి అన్న రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసిన తర్వాతే. మా టెల్లూరియం పెల్లెట్లలో రావాల్సినవాటిలో సగం కంటే కాస్త తక్కువే వచ్చాయి. మిగతా సగం ఎక్కడుందన్నది విద్యార్థిని థీసిస్‌లో ఒక అధ్యాయం.

మిగిలిన పని లోహపు అతుకులది. కాలును జనరేటర్‌లో పెట్టాలంటే రెండు కొనలకూ లోహపు పొర అతకాలి. ఆ పొర మెగ్నీషియంతో చర్య జరిపితే, ఇన్ని తంటాలు పడి నిలిపిన సమతుల్యం కొనల దగ్గర చెడుతుంది. నికెల్ యాంటిమొనీతో త్వరగా కలిసిపోతుంది కాబట్టి దాన్ని పక్కనపెట్టి ఇనుము పొడిని పెల్లెట్‌తో కలిపి ఒకేసారి సింటర్ చేసి చూస్తున్నారు. అతుకు దగ్గర నిరోధకత ఎంత, వారాల తరబడి వేడిలో ఉంచితే అది ఎలా మారుతుంది అన్నది కొలుస్తున్నారు.